బ్రాకెట్ల మధ్య ఎవరూ లేరట

అత్తకి,

నమస్కారాలు. నేను ఇక్కడ క్షేమంగానే ఉన్నాను. నువ్వు కూడా క్షేమమని మొదటి వాక్యంలోనే రాశావు గానీ, ఆ తర్వాత ఉత్తరమంతా వెతికినా నాకు ఆ క్షేమం ఎక్కడా కనబడలేదు. కాబట్టి ఈసారి ఆ మర్యాద మాటను మనిద్దరం పక్కన పెట్టేద్దాం. నాకు ఒళ్ళు బాగానే ఉంది, కడుపు మాత్రం మండుతోంది. ఎవరి మీద అని అడుగుతావేమో, చాలామంది మీద. వాళ్ళలో నువ్వూ ఉన్నావు.

ఫోన్ చేసి ఈ నాలుగు మాటలూ అడిగేయొచ్చు. కానీ ఫోన్‌లో నీకు సగమే వినిపిస్తుంది. వినపడని సగానికి "సరే, సరే" అనేస్తావు. ఈ విషయంలో నీ "సరే" నాకు అక్కర్లేదు. నింపాదిగా చదువు, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదువు, ఆ తర్వాతే జవాబు రాయి.

ముందు నువ్వు అడిగినవాటికి చెబుతాను. మెడనొప్పి తగ్గింది. కుర్చీ మార్చమని ఆఫీసులో దెబ్బలాడి మార్పించుకున్నాను. అన్నం వేళకే తింటున్నాను, నమ్మకపోతే నీ ఇష్టం. నువ్వు కుట్టి పంపిన చొక్కా భుజాల దగ్గర అతికినట్టు సరిపోయింది. కొలతలు లేకుండా ఎలా కుట్టారని నా గదిలో ఉండే నర్సు ఆశ్చర్యపోయింది. మా అత్త కళ్ళతోనే కొలుస్తుందని చెప్పాను. "అత్తంటే, మీ నాన్నగారి చెల్లెలా?" అంది. కాదన్నాను. "మేనమామగారి భార్యా?" అంది. కాదన్నాను. "మరి మీకేమవుతారు?" అంది. టీ పొంగిపోతోందని చెప్పి వంటింట్లోకి వెళ్ళిపోయాను. పొయ్యి మీద టీ లేదు. ఆ రోజు అలా తప్పించుకున్నందుకు ఇప్పుడు నా మీద నాకే చిరాకుగా ఉంది.

"నువ్వు చేసే పనేమిటో నాకు అర్థమయ్యేలా రాయి, కంప్యూటర్ పని అంటే చాలదు, ఎవరైనా అడిగితే చెప్పడానికి నాకు నోరు తిరగాలి" అని రాశావు కదా. ఇన్నాళ్ళకి అడిగావు. సరిగ్గా అడగాల్సిన సమయానికే అడిగావు కూడా.

మా ఆఫీసు ఒక టైర్ల దుకాణం పైన ఉంటుంది. కిటికీ తెరిస్తే రబ్బరు వాసన, మూస్తే ఉక్కపోత. మా పెద్దాయనని అందరం బ్రాకెట్ల బాబాయి అంటాం. మేం వాడే కంప్యూటర్ భాషలో ఏ మాట రాసినా దాని చుట్టూ బ్రాకెట్లు పెట్టాలి, వాటి చుట్టూ మళ్ళీ బ్రాకెట్లు పెట్టాలి. ఆఖరి వరుసకి వచ్చేసరికి మూసే బ్రాకెట్లే ఒక మూర పొడుగు ఉంటాయి. ఆయన వాటిని లెక్కపెట్టకుండానే సరిగ్గా మూస్తాడు. ఆ భాషకి రెండు గుణాలున్నాయి. ఒకటి, అందులో ప్రతి పనీ నీ కుట్టుమిషను లాంటిది. ఇటునుంచి గుడ్డ పెడితే అటునుంచి కుట్టు వస్తుంది, ఒకటి ఇస్తే ఒకటి వస్తుంది. దాన్ని ఫంక్షన్ అంటాం. రెండోది, అది ఉన్నదాన్ని చెరపదు. పాత గౌను విప్పి కొత్త గౌను కుట్టదు. పాతది పాతదిగానే ఉంచి, దాని పక్కన కొత్తది కుట్టి పెడుతుంది.

దానికి మేం ఇంకో పద్ధతి తగిలించాం. ఈ పద్ధతిలో ఇలా చెయ్యి, అలా చెయ్యి అని కంప్యూటర్‌కి చెప్పం. మనకి తెలిసిన నిజాలు చెబుతాం, అంతే. ఫలానా ఆమె ఫలానా పిల్లకి తల్లి. ఫలానా ఆయన ఫలానా ఆమెకి భర్త. ఆ తర్వాత సూత్రాలు చెబుతాం. తల్లికి తల్లి అయితే అమ్మమ్మ. తండ్రికి తమ్ముడైతే బాబాయి. ఇక ప్రశ్న వేయడమే. ఒక చోట ఖాళీ వదిలి అడిగితే, ఆ ఖాళీలో ఎవరెవరు పడతారో అదే వెతికి తెస్తుంది. ఈ పిల్లకి అమ్మమ్మ ఎవరు అని అడగొచ్చు, ఈ అమ్మమ్మకి మనవలెవరు అని అదే సూత్రాన్ని అటునుంచీ అడగొచ్చు. మామూలుగా అయితే ఈ రెంటికీ రెండు ప్రోగ్రాములు రాసుకోవాలి. ఇక్కడ ఒక్కటే చాలు. మొదటిసారి అది రెండువైపుల నుంచీ పలికినప్పుడు నేను కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాను.

పరీక్షకి మా ఇళ్ళవాళ్ళనే అందులోకి ఎక్కించుకున్నాం. తోబుట్టువులంటే ఒక తల్లి బిడ్డలు అని సూత్రం రాసి, బాబాయికి తోబుట్టువులెవరని అడిగితే ఆయన తమ్ముళ్ళ పేర్లతో పాటు ఆయన పేరూ వచ్చింది. ఆయన తల్లికి ఆయనా బిడ్డే కదా మరి! మనిషి తనకి తాను తోబుట్టువు కాడని దానికి విడిగా చెప్పాలి, చెప్పకపోతే తెలియదు. టీ తెచ్చే తాత ఇది విని, "ఇన్నాళ్ళూ నాకు అన్నదమ్ములు లేరనుకున్నాను, నేనున్నానన్నమాట" అని వారం రోజులు అందరికీ చెప్పుకుని నవ్వాడు. వదిన ఎవరో చెప్పడానికైతే ఒక పూట పట్టింది. అన్న భార్య వదిన, భర్తకి అక్క అయినా వదినే, మేనమామ కూతురు మనకంటే పెద్దదైతే ఆమే వదిన. "అన్న భార్య మనకంటే చిన్నదైతే?" అన్నాడు ఒకడు. చిన్నదైనా వదినే అన్నాను. "వయసు చూడాలన్నావుగా?" అన్నాడు. అక్కడ చూడాలి, ఇక్కడ చూడక్కర్లేదు అన్నాను. వాడు తల పట్టుకున్నాడు.

ఈ పని చేయించుకుంటున్నది ఎవరో తెలుసా? మన క్వార్టర్ల సంస్థ, నాన్న పోయాక ఇల్లు నా పేరు మీదికి మార్చినవాళ్ళే. నీకు ముందే రాయలేదు, పూర్తయ్యాక చెప్పి నిన్ను మురిపిద్దామనుకున్నాను. క్వార్టర్ ఎవరి పేరు మీద ఉంటే వాళ్ళు ఉండాలి, లేకపోతే వాళ్ళ భార్యో, భర్తో, తల్లీదండ్రులో, పిల్లలో ఉండాలి. ఇంకెవరూ ఉండకూడదు. ఆ నియమం నీకూ తెలిసిందే. కొందరు క్వార్టర్లు తీసుకుని బయటివాళ్ళకి అద్దెకిచ్చుకుంటున్నారు, వాళ్ళని పట్టుకోవడానికి మా ప్రోగ్రాం కావాలన్నారు. అందులో అన్యాయమేమీ నాకు కనబడలేదు. బయటివాళ్ళంటే నా కళ్ళ ముందు నిలిచింది అద్దె గుంజుకునే మొహాలే గానీ నీ మొహం కాదు.

ఇక నీ ఉత్తరంలో అసలు సంగతికి వస్తాను. సూపర్‌వైజరు వచ్చి గుమ్మంలో నిలబడి, "ఈ క్వార్టర్ ఎవరి పేరు మీదుందో ఆ అమ్మాయికి మీరేమవుతారు?" అని అడిగాడని రాశావు. నువ్వేమన్నావో కూడా నీ చేత్తో నువ్వే రాశావు. "ఏమీ కాను బాబూ, పక్కింటిదాన్ని. పిల్ల చిన్నప్పుడు కాస్త చూసుకున్నాను" అన్నావట.

కాస్తా!

అత్తా, ఆ మాట దగ్గర ఉత్తరం మడిచి టేబుల్ మీద పడేసి గదిలో అటూ ఇటూ తిరిగాను. నాకు ఊహ తెలియకముందే అమ్మ పోయింది. నాన్న లారీ ఎక్కి దూరపు సరుకు వేసుకుని పోతూ, పక్క క్వార్టర్లో మీ అన్నయ్య ఇంట్లో ఉన్న నీ చేతిలో నన్ను పెట్టాడు. "ఈ ఒక్క ట్రిప్పుకే చెల్లెమ్మా" అన్నాడట. ఆ ట్రిప్పు నాన్న పోయేదాకా అవ్వలేదు. మీ అన్నయ్యకి బదిలీ అయితే సామానంతా లారీకెక్కింది, నువ్వు మాత్రం ఎక్కలేదు. నీ ట్రంకుపెట్టె, నీ మిషను పట్టుకుని మా ఇంట్లోకి వచ్చేశావు. నాన్న వచ్చిన రోజుల్లో ఆయన ముందు గదిలో, మనిద్దరం వెనక గదిలో. దాని మీద క్వార్టర్లలో ఎన్ని నోళ్ళు లేచాయో నాకు పెద్దయ్యాక తెలిసింది. నువ్వు మాత్రం మిషను తొక్కుతూనే ఉన్నావు. నాకు గవదబిళ్ళలు లేచినప్పుడు, నేను లెక్కల్లో తప్పినప్పుడు, నేను కంప్యూటర్ చదువు చదువుతానంటే నాన్న ఎందుకన్నప్పుడు, ఎదురు నిలబడింది నువ్వు. దీన్ని కాస్త చూసుకోవడం అంటారా? మరి పూర్తిగా చూసుకోవడమంటే ఇంకేం చేసేదానివి?

పైగా ఆయనిచ్చిన నోటీసు తీసుకుని, నెలాఖరుకల్లా ఖాళీ చేస్తానని మాటిచ్చావు. మీ అన్నయ్య కొడుకు దగ్గరికి పోతావట. అక్కడ మిషను పెట్టుకునే చోటు లేదు కాబట్టి అది అమ్మేస్తావట. "అబద్ధం ఎందుకాడాలి, నేను నీకు ఏమవుతానని చెప్పను?" అని చివర్లో రాశావు. నీ నిజాయితీకి దండం పెడతాను గానీ, ఈసారి నీ నిజం తప్పు.

మర్నాడు పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళి మన క్వార్టర్ నంబరు కొట్టాను. ఇంట్లో ఉన్న మనిషి నువ్వు, పేరున్న మనిషిని నేను, మధ్యలో బంధం దగ్గర ఖాళీ వదిలి ప్రశ్న వేశాను. ఒక తెరిచే బ్రాకెట్టు, ఒక మూసే బ్రాకెట్టు వచ్చాయి. మధ్యలో ఏమీ లేదు. నిజాలన్నీ వెతికాను, ఈ ప్రశ్నకి తగిన జవాబు ఒక్కటీ దొరకలేదు అని దాని అర్థం. దొరకలేదు అనడం వేరు, లేదు అనడం వేరు కదా? కానీ ఆ ఖాళీ బ్రాకెట్లు ఎక్కడ కనబడితే అక్కడ "సంబంధం లేదు" అని అచ్చు వేసి సూపర్‌వైజర్లకి పంపేలా ఆఖర్న ఒక వరుస ఉంది. సంస్థవాళ్ళు అడిగితే బాబాయి కలిపాడట. నీ గుమ్మంలోకి ఆయన్ని పంపింది మా ప్రోగ్రామే అత్తా.

సరే, నిజం తక్కువైంది కదా, నిజం చేరుద్దాం అనుకున్నాను. అసలు రికార్డులు ముట్టుకోకుండా నా దగ్గరున్న నకలులో, ఈ పిల్లకి ఈమె తల్లి అని నీ పేరు రాశాను. తీసుకోలేదు. ఈ బిడ్డకి తల్లి ఇదివరకే ఉంది అని ఎర్ర అక్షరాల్లో తిప్పి కొట్టింది. ఎందుకా అని ప్రోగ్రాం లోపలికి వెళ్ళి చూస్తే విషయం బయటపడింది. మా బాబాయి పుట్టుకతోనే ఫంక్షన్ల మనిషి. అమ్మమ్మనీ, బాబాయినీ, వదిననీ సంబంధాలుగా రాసి, అడుగున ఉన్న తల్లిని మాత్రం అలవాటు కొద్దీ ఫంక్షన్‌గా రాసేశాడు. బిడ్డనిస్తే ఒక తల్లిని ఇస్తుంది, రెండో తల్లికి అందులో తలుపే లేదు.

నేరుగా ఆయన టేబుల్ దగ్గరికి వెళ్ళాను.

"బాబాయ్‌గారూ, తల్లిని ఫంక్షన్ ఎందుకు చేశారు?"

"ఇంకేం చేస్తారమ్మాయ్? ఒక బిడ్డకి ఒక తల్లే. ఇందులో చర్చేముంది?"

"పెంచిన తల్లి?"

"పెంచడం వేరు, డేటా వేరు."

"మారుటి తల్లి? దత్తత తల్లి? వాళ్ళు కాగితాల మీద కూడా ఉన్నారు కదండీ. వాళ్ళని మీ ఫంక్షన్ ఎక్కడ పెడుతుంది?"

ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోశాడు. "ఇది ఎవరి గురించి అడుగుతున్నావు?" అన్నాడు మెల్లగా. నీ ఉత్తరం తీసి ఆయన ముందు పెట్టాను. నీకు కోపం వస్తే రానీ. ఆయన చదివి, మడిచి, నా చేతికిచ్చి, కుర్చీ తన కంప్యూటర్ వైపు తిప్పుకున్నాడు. మధ్యాహ్నానికల్లా తల్లిని ఫంక్షన్ నుంచి తీసి సంబంధంగా మార్చాడు. అప్పుడు నా నకలులో మళ్ళీ నీ పేరు చేర్చి, నా తల్లి ఎవరు అని అడిగాను. బ్రాకెట్ల మధ్య ఇద్దరూ వచ్చారు. ముందు అమ్మ పేరు, పక్కన నీ పేరు.

అది చూసి నేను ఏడ్చాను. టైర్ల దుకాణంలో ఎవరో సుత్తితో కొడుతున్నారు, ఆ మోతలో ఎవరికీ వినబడలేదు. చిన్నప్పుడు నేను నిన్ను అమ్మా అని పిలిచినప్పుడల్లా నువ్వు కుట్టు ఆపి నన్ను సరిదిద్దేదానివి. "అత్తా అనాలి. అమ్మ ఫోటోలో ఉంది, ఆమె చోటు నేను తీసుకోకూడదు" అనేదానివి. నేను నోరు మూసుకుని అత్తా అనడం అలవాటు చేసుకున్నాను. ఇన్నేళ్ళూ అమ్మకి అన్యాయం జరుగుతుందనే భయపడ్డావు. నీ పేరు చేరాక అమ్మ పేరు చెరిగిపోలేదు. ఒక్క అక్షరం కదల్లేదు. ఆమె చోటు ఆమెకే ఉంది. నీ చోటు వేరే ఉంది, అది ఇన్నాళ్ళూ ఖాళీగా పడి ఉంది. నువ్వు కూర్చోకపోతే అందులో ఇంకెవరూ కూర్చోరు.

ఇప్పుడు నకలు కాదు, అసలు రికార్డు సంగతి. అందరూ టీకి కిందికి దిగాక బాబాయి నా దగ్గరికి వచ్చాడు. తలుపు వైపు చూస్తూ అన్నాడు, "అమ్మాయ్, అసలు రికార్డుల్లో రాసే అధికారం నీకుంది. ఒక్క వరుస. నేను కిందికి వెళ్ళి టీ తాగి వస్తాను. నువ్వేం చేశావో నేను చూడలేదు."

మంచి మనిషి అత్తా. నా మీద జాలితోనే అన్నాడు. ఆ ఒక్క వరుస కొడితే మర్నాటికల్లా నీ నోటీసు రద్దయిపోయేది, నీ మిషను కిటికీ పక్కనే ఉండేది, ఎవరికీ తెలిసేది కాదు. నా వేళ్ళు కీబోర్డు మీదే ఉన్నాయి. కానీ నాకు ఒళ్ళు మండింది. "ఆవిడ నాకు దొంగతనంగా అమ్మ కాలేదండీ. ఊరందరి ఎదురుగా, అందరూ నాలుగు మాటలు అంటుండగా అయింది. నేనెందుకు దొంగచాటుగా రాయాలి?" అన్నాను. ఆయన టీకి వెళ్ళాడు. నేనూ లేచి వెనకాలే వెళ్ళాను.

తర్వాత సంస్థవాళ్ళతో సమావేశం పెట్టించాను. మేనేజరు గట్టి మనిషి, ఆవిడ గదిలో ఫైళ్ళు కూడా నిటారుగా నిలబడి ఉంటాయి. ఖాళీ బ్రాకెట్లు చూపించి, వీటికి నోటీసులు పంపడం తప్పని చెప్పాను. "మీరు రాసిన ప్రోగ్రామే కదమ్మా, మీరే తప్పంటే ఎలా?" అంది.

"రాసినదాన్ని కాబట్టే చెబుతున్నానండీ. మాకు తెలియదు అని అది చెబుతుంటే, లేదు అని మనం అచ్చు వేస్తున్నాం."

"ఇంత పట్టుదల ఎందుకు? మీవాళ్ళెవరైనా ఉన్నారా ఇందులో?"

బాబాయి నా మోచేతి మీద తట్టాడు, చెప్పకు అన్నట్టు. చెబితే స్వార్థమంటారని ఆయన భయం. నేను చెప్పాను. మన క్వార్టర్ నంబరు చెప్పాను. "ఆ ఇంట్లో ఉన్నది మా అమ్మ. మీ రికార్డుల్లో లేదు. అది మీ రికార్డుల లోటు, మా అమ్మ లోటు కాదు" అన్నాను. జీవితంలో మొదటిసారి నిన్ను ఆ మాటతో నలుగురిలో చెప్పాను అత్తా. నోరు తడబడలేదు.

ఆవిడ మిగిలిన ఖాళీ బ్రాకెట్లు కూడా చూపించమంది. అందరూ అద్దె దొంగలేనేమో అనుకున్నాను, కానీ కాదు. భార్యకి మొదటి పెళ్ళిలో పుట్టిన కొడుకు దగ్గర ఉంటున్న ముసలాయన ఉన్నాడు. అక్క పిల్లల్ని పెంచి వాళ్ళింట్లోనే ఉండిపోయిన చెల్లెలు ఉంది. నిజంగా అద్దెకిచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు, వాళ్ళ పని సంస్థవాళ్ళు పట్టాల్సిందే. ఆవిడ తెర మీద ఒక్కో పేరూ చదివి, చివరికి ఒక మాట తేల్చింది. ఖాళీ జవాబు వచ్చినచోట ఇకమీదట నోటీసు వెళ్ళదు, మనిషి వెళ్ళి విచారిస్తాడు. పంపిన నోటీసులు ఆపేస్తారు. కానీ పేరు చేర్చాలంటే చట్టప్రకారం చెల్లే కాగితం చూపించాలి, నోటిమాట చాలదు. ఆ మాట వరకు నేను ఒప్పుకున్నాను. కాబట్టి నెలాఖరుకి నువ్వెక్కడికీ వెళ్ళడం లేదు. మిషను అమ్మకానికి పెట్టి ఉంటే ఈరోజే కాదని చెప్పెయ్.

ఇప్పటిదాకా రాసింది అంతా జరిగిన సంగతి. ఇక నీకు చెప్పకుండా చేసింది ఒకటి ఉంది. రాయడానికి ఇంతసేపూ వెనకాడాను, నువ్వు వద్దంటావని.

ఆ కాగితం కోసం వకీలు దగ్గరికి వెళ్ళాను. ఆయన నన్ను పైనుంచి కింది దాకా చూసి, "ఇంత పెద్దదానివి, ఇప్పుడు దత్తత ఏమిటమ్మా? ఆస్తి గొడవేమన్నా ఉందా?" అన్నాడు. "ఒక కుట్టుమిషనుందండీ. అది కూడా ఆవిడదే" అన్నాను. ఆయన నవ్వి, చట్టం మామూలుగా చిన్నపిల్లలకే అయినా, ఇంటి ఆచారంలో ఉంటే పెద్దవాళ్ళని కూడా దత్తత తీసుకోవచ్చని, దానికి దారి ఉందని చెప్పాడు. అయితే దరఖాస్తు రాసివ్వండి, ఇప్పుడే సంతకం పెడతానని పెన్ను తీశాను. ఆయన పెన్ను వెనక్కి జరిపాడు. "నువ్వు పెడితే చెల్లదమ్మా. నువ్వు ఒప్పుకుంటే చాలు. అడగాల్సింది పిల్ల కాదు, తల్లి" అన్నాడు.

నేను సమావేశంలో ఎంత అరిచినా, ఆఫీసులో ఎంతమందితో దెబ్బలాడినా, ఈ ఒక్క పని నా వల్ల కాదు. నీ పేరుతో, నువ్వు అడుగుతున్నట్టుగా ఆయన చేత కాగితాలు రాయించాను. నిన్ను అడగకుండానే రాయించాను. ఈ ఉత్తరంతో పాటే పంపుతున్నాను. ఒప్పుకుంటున్నానని నా వైపు సంతకం పెట్టేశాను. నీ సంతకం పడే చోట పెన్సిలుతో చిన్న గీత గీశాను. దరఖాస్తు పంపాక ఒక రోజు కోర్టువాళ్ళు మనిద్దరినీ పిలుస్తారు. ఈమె మీకేమవుతుంది అని నిన్ను మళ్ళీ అడుగుతారు, ఈసారి గుమ్మంలో కాదు, అందరి ఎదురుగా. ఏం చెప్పాలో నేను నేర్పను. నీకు తెలుసు.

బతిమాలుతున్నాననుకోకు, దెబ్బలాడుతున్నాను. ఇంటి కోసమే ఇదంతా చేస్తున్నాననుకుంటావేమో, ముందు అలాగే మొదలైంది. ఇప్పుడు మేనేజరు రేపొద్దున ఫోన్ చేసి, ఆ ఇల్లు మీకే ఉంచేశాం, కాగితం అక్కర్లేదు అన్నా ఈ కాగితం నాకు కావాలి. జనమేమనుకుంటారని రాస్తావు. అన్నవాళ్ళు అప్పుడూ అన్నారు, అన్నా నన్ను పెంచావు. ఈ వయసులో ఎందుకని రాస్తావు. నీ వయసుకి ఏం తక్కువ, నా వయసుకి ఏం తక్కువ? నేను ఏమీ కాను అని మాత్రం ఇంకోసారి రాయకు. రాస్తే ఆ ఉత్తరం నీకే తిప్పి పంపిస్తాను. సంతకం పెట్టకుండా కాగితాలు వెనక్కి పంపితే, మళ్ళీ రాయించి మళ్ళీ పంపుతాను. వకీలు విసుక్కున్నా సరే, పోస్టుమాన్ విసుక్కున్నా సరే.

నాన్న నన్ను నీ చేతిలో పెట్టిన రోజున నన్ను కావాలా అని నిన్నెవరూ అడగలేదు. నువ్వు కూడా నోరు తెరిచి ఎవరినీ అడగలేదు, ఊరికే ఎత్తుకున్నావు. ఇన్నేళ్ళ తర్వాత ఒక్కసారి, అందరికీ వినబడేలా, నన్ను అడుగు.

ఇట్లు,
నువ్వు సంతకం పెట్టినా పెట్టకపోయినా,
నీ కూతురు